పిట్టకు పెట్టిన శుక్రవారం

మసీరా దీవిలో తూర్పు ఒడ్డున ఉన్న బీచ్ చాలా బాగుంటుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. బాగుంటుంది, కాదనను. మొన్నామధ్య పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని ఒక పాత పత్రిక తిరగేస్తుంటే ఆ ఒడ్డు ఫొటో కనబడింది. నీలం నీళ్ళు, తెల్లటి ఇసుక, పలక మీద నిలబడి అలతో పాటు జారుతున్న ఒక తెల్లవాడు. ఈత కొట్టేవాళ్ళకూ అలలెక్కేవాళ్ళకూ స్వర్గమని కింద రాశారు. రాసినవాడు ఆ ఒడ్డున కూర్చుని గుండు గీయించుకుని ఉండడు. పత్రిక మూసి బల్ల మీద పెట్టి, వంతు రాకముందే లేచి ఇంటికి వచ్చేశాను.

నాది జగిత్యాల వైపు ఒక పల్లె. సెంట్రింగ్ పని నేర్చుకుని, మా ఊరి సగం మందిలాగే బొంబాయి మీదుగా ఒమన్ వెళ్ళాను. మొదట్లో మస్కట్‌లో, బౌషర్ వైపు ఇళ్ళు కట్టాం. కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మా కంపెనీకి మసీరాలో క్వార్టర్లు కట్టే పని దొరికింది. మాలో పన్నెండు మందిని లారీ ఎక్కించి, రోజంతా ఎడారిలో తిప్పి, చివరికి ఒక పడవ ఎక్కించారు. దీవి అంటే చెట్లు ఉంటాయనుకున్నాం. రాళ్ళ గుట్టలు, ఉప్పు నేల, ఎప్పుడూ ఆగని గాలి. మా క్యాంపు పడమటి వైపు హార్బర్ పక్కన ఉండేది. అటు సముద్రం వెనక్కి తీసిందంటే కనుచూపు మేర బురదే. చేపల కంపు, డీజిల్ కంపు, జనరేటర్ మోత. సముద్రం అంటే ఇంతేనా అనుకున్నాం.

రూమ్‌లో ఆరుగురం. వాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకాయన ఆర్మూరు దగ్గరి మేస్త్రి. యాభై దాటినవాడు, అందరికంటే పెద్ద, అందుకని అందరికీ కాక. ఎవరింట్లో పుట్టినా గిట్టినా ఇలా చేయాలి, అలా చేయకూడదు అని ఉత్తరాలు రాయించేది ఆయనే. రెండోవాడు సిరిసిల్ల వాడు, నా ఈడువాడు, సైట్‌లో హెల్పర్. ఊళ్ళో వాళ్ళది మంగలి ఇల్లు. "ఇగ జన్మల కత్తి వట్టనని ఒట్టు వెట్టుకొనే ఇమానం ఎక్కిన" అని వచ్చిన మొదటి రోజే చెప్పాడు. అన్నట్టే క్యాంపులో ఎవరు బతిమాలినా కత్తెర ముట్టలేదు. నన్ను బావా అనేవాడు, నేనూ వాణ్ణి బావా అనేవాణ్ణి.

శుక్రవారం సెలవు. కంపెనీ పికప్ నడిపే డ్రైవర్ ఆ దీవి మనిషే, తెల్లగడ్డం ముసలాయన, హిందీ బాగానే మాట్లాడేవాడు. ఒక శుక్రవారం మమ్మల్ని జాలిపడి వెనక ఎక్కించుకుని దీవికి అడ్డంగా అరగంట నడిపి, గుట్టల అవతలికి తీసుకెళ్ళాడు. అక్కడ చూశాం అసలు సముద్రాన్ని. మస్కట్ కాలిపోయే ఆగస్టు నెలలో అక్కడ చల్లటి గాలి. ఒకదాని వెనక ఒకటి నిలువెత్తు అలలు. వైమానిక స్థావరంలో పనిచేసే తెల్లవాళ్ళు పెళ్ళాం పిల్లలతో వచ్చి, గొడుగులు పాతుకుని, ఈత కొడుతున్నారు. కొందరు పలకల మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ లోపలికి పోయి, పెద్ద అల రాగానే లేచి నిలబడుతున్నారు. పడుతున్నారు, మళ్ళీ పోతున్నారు.

కాక ఇసుకలో గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "గంగమ్మ అవతలికి నూకేస్తుంటె మళ్ల మళ్ల ఎందుకు వోతుండ్రురా గీళ్ళు? డ్యూటీ లేదా ఏంది?" అన్నాడు.

"గదే వాళ్ళ డ్యూటీ కాకా," అన్నాడు సిరిసిల్ల బావ.

మేము బావుల్లో ఈత నేర్చినవాళ్ళం. కదిలే నీళ్ళు మాకు తెలియవు. ప్యాంట్లు పైకి మడిచి మోకాలి లోతు దిగి, అల రాగానే ఒకరి మీద ఒకరు పడి, కేకలు పెట్టి, బయటికి ఉరికాం. మళ్ళీ దిగాం. ఆ రోజు నేను కడుపు పట్టుకుని నవ్వాను. నోట్లో ఉప్పు నీళ్ళు, కళ్ళల్లో ఇసుక, అయినా నవ్వు ఆగలేదు. తర్వాత శుక్రవారం కూడా డ్రైవర్‌ను బతిమాలి అక్కడికే వెళ్ళాం.

నా భార్య సంగతి చెప్పాలి. పెళ్ళై అప్పటికి ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలో మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్నది ఏడాదిన్నర కంటే తక్కువ. నేను లేనప్పుడు తన తల్లిగారింట్లో ఉండేది. పొద్దంతా చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. మా కూతురికి ఐదేళ్ళు. నా భార్యకు చదువు రాదు. ఆమె చెబితే ఆమె తమ్ముడు రాసేవాడు. ఏ ఉత్తరమైనా ఒకే మాటతో ముగిసేది: ఈసారి వస్తే మళ్ళీ పోవద్దు. ఈ కాంట్రాక్టు అయిపోనీ, వచ్చేస్తా అని నేను రాసేవాణ్ణి. ఒకసారి కాదు, రెండేళ్ళు అదే రాశాను.

ఆ ఎండాకాలం కాంట్రాక్టు అయిపోయింది. సెలవు మీద వెళ్ళవచ్చు, లేదంటే ఉన్నచోటే సంతకం పెట్టి ఇంకో రెండేళ్ళు ఉండిపోవచ్చు. వెళ్ళినవాణ్ణి మళ్ళీ పిలుస్తారన్న నమ్మకం లేదు. సంతకం పెట్టేశాను. ఆమెకు రాయలేదు. తర్వాత నెమ్మదిగా చెబుదామనుకున్నాను. ఈలోగా మా క్యాంపు నుంచి ఇంటికి వెళ్ళిన మా పక్క ఊరతను కనబడితే ఆమె అడిగింది, అతను ఉన్నమాట చెప్పేశాడు. ఆ తర్వాత ఆమె రాయించిన ఉత్తరంలో ఆ ఆఖరి మాట లేదు. రమ్మనీ లేదు, ఎందుకు రాలేదనీ లేదు. పిల్ల బాగున్నది, బర్రె ఈనింది, వానలు పడుతున్నాయి, అంతే. కోపం తగ్గాక రాస్తుందిలే అనుకున్నాను.

దాని తర్వాత ఒకే రోజు రెండు వచ్చాయి, ఒక టెలిగ్రాం, ఒక ఉత్తరం. టెలిగ్రాం మస్కట్ ఆఫీసులో ఏ ఫైలు కిందో పడి ఉండి, ఆ ఉత్తరంతో కలిసి పడవ ఎక్కిందట. ఆమెకు కామెర్లు. ఊళ్ళో పసరు పోశారు. జగిత్యాల తీసుకుపోయారు. అక్కడి నుంచి కరీంనగర్ తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. ఉత్తరం నా చేతికి వచ్చేసరికి ఇరవై రెండు రోజులు. ఆ ఇరవై రెండు రోజులూ నేను తిన్నాను, నిద్రపోయాను, సాయంత్రాలు వాలీబాల్ ఆడాను. బీచ్‌లో కడుపు పట్టుకుని నవ్విన ఆ రెండు శుక్రవారాలూ ఆ ఇరవై రెండు రోజుల్లోనివే.

టెలిగ్రాం తీసుకుని ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళాను. చదివి, తల ఊపి, "సబ్ హో గయా, అబ్ జాకే క్యా కరేగా?" అన్నాడు, అంతా అయిపోయాక ఇప్పుడు పోయి ఏం చేస్తావని. పాస్‌పోర్టు మస్కట్‌లో ఉంది. స్లాబు పోసే తేదీ దగ్గర పడింది. ఇవన్నీ నిజమే. కాని నేను గట్టిగా అడగలేదు. అరవలేదు, కాళ్ళు పట్టుకోలేదు, పని మానేసి కూర్చోలేదు. ఆయన అన్నది విని, సరే సాబ్ అని బయటికి వచ్చాను.

ఉత్తరం చివర బావమరిది రాసిన నాలుగు వరుసలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "బావా, అక్కకు పిట్ట ముట్టలే. మూడొద్దులకు పెడితె ముట్టలే, దినాలకు పెడితె ముట్టలే. పొద్దుగూకెదాక కూసున్నం. ఎవలెన్ని మాటలిచ్చినా రాలే. అప్పటిసంది అమ్మ అన్నం ముడుతలేదు, ఛాయ మీదనే ఉంటున్నది. నెల మాసికానికి నువ్వు ఆడ పెట్టాలని పెద్దమనుషులు అన్నరు. ముట్టిందో లేదో జల్ది రాయి."

మా వైపు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, దూరం జరిగి నిలబడతారు. కాకి దిగి మెతుకు ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్ళిపోయినట్టు. దిగకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు అందరూ మాటలివ్వడం మొదలుపెడతారు. నీ బిడ్డ పెళ్ళి చేస్తాం, నీ తమ్ముడితో కొట్లాడం, ఫలానా మొక్కు తీరుస్తాం అని. సరైన మాట పడ్డప్పుడు కాకి వస్తుందని నమ్మకం. నేను నమ్మేవాణ్ణా అంటే అప్పటిదాకా ఆలోచించలేదు. ఆ ఉత్తరం చదివాక మాత్రం నమ్మాను. ఆమె ఏ మాట కోసం ఆగిందో నాకు తెలుసు. ఊళ్ళో ఎవరూ ఆ మాట ఇవ్వలేరు, నేనొక్కణ్ణే ఇవ్వాలి. అక్కడ ఒక తల్లి దాని కోసం పస్తు ఉంది.

మాసికం మంగళవారం పడింది. మంగళవారం డ్యూటీ. కాక దాన్ని ముందు శుక్రవారానికి జరిపాడు. "గల్ఫుల పండుగైనా శుక్రారమే, మాసికమైనా శుక్రారమే. యముడు గూడ ఏం అనడు" అన్నాడు. ఇక ఎక్కడ పెట్టాలన్నది తేల్చుకోవాలి. దీవిలో కాకులు లేకపోలేదు. హార్బర్‌లో చేపలు కోసే చోట ఐదారు ఎప్పుడూ తిరుగుతుండేవి. సిరిసిల్ల బావ అక్కడే పెడదామన్నాడు.

కాకకు కోపం వచ్చింది. "ఆ బురద నీళ్ళల్ల తానం జేయించి, చేప పేగుల నడుమ పెడ్తమారా ఆడివిల్లకు? గుట్టల అవతల మంచి గంగ ఉన్నది. తూర్పు మొకం. ఎదురుంగ బొంబాయే, నడుమ నీళ్ళు దప్ప ఏం లేవు. ఆమె మనదిక్కే జూస్తుంటది. పిట్టకు రెక్కలు లేవా? ఏడికైన వస్తది."

నాకూ ఆ మాటే బాగుందనిపించింది. ఆమెకు బతికి ఉండగా ఏదీ శుభ్రంగా పెట్టలేదు, ఇదైనా శుభ్రంగా పెడదామనుకున్నాను. చేప పేగులు మరిగిన కాకి మంచి నీళ్ళ కోసం గుట్టలు దాటి రాదని మాలో ఒక్కడికీ తట్టలేదు. ముహూర్తం గురించి, దిక్కు గురించి, స్నానం గురించి ఆలోచించాం, కాకి గురించి ఎవరం ఆలోచించలేదు.

గురువారం సాయంత్రం కాక బియ్యం ఏరుతూ అడిగాడు. "ఆమెకు ఏదంటె పాణంరా? ఏమేం ఒండాలె?"

నాకు తెలియదు. నాకేం ఇష్టమో ఆమెకు తెలుసు. నేను సెలవు మీద దిగిన రోజు తలకాయ కూర, రెండో రోజు గారెలు, తిరిగి వెళ్ళే రోజు బెల్లం పాశం. నేను తింటుంటే ఆమె గడప దగ్గర కూర్చుని చూసేది. తర్వాత లోపలికి పోయి తను ఏం తినేదో, ఎంత తినేదో నేను ఒక్కనాడూ చూడలేదు. కారం ఎక్కువ తినేదా? తీపి ఇష్టమా? ఛాయలో చక్కెర ఎంత వేసుకునేది? చివరికి నాకిష్టమైనవే వండారు. ఆ రోజు నా మీద నాకు పుట్టినంత అసహ్యం మళ్ళీ ఎప్పుడూ పుట్టలేదు.

పొద్దున్నే ముగ్గురం బయలుదేరాం. డ్రైవర్‌కు కాక ముందే సంగతి చెప్పాడు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, తన భాషలో ఏదో దువా చదివి, బీచ్ దగ్గర దించి, బండిలోనే కూర్చుండిపోయాడు. గాలి విపరీతంగా ఉంది. తెల్లవాళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. రంగు గొడుగులు, డబ్బాలు, పిల్లలు. ఏడెనిమిది పలకలు నీళ్ళ మీద తేలుతున్నాయి. మేము వీలైనంత దూరంగా, గుట్ట పక్కన చోటు చూసుకున్నాం.

కాక కొత్త బ్లేడు విప్పి నా తల మీద నీళ్ళు చల్లాడు. గోడలు పూసే చెయ్యి, ఆ పనికి అలవాటు లేదు. రెండు చోట్ల తెగింది. సిరిసిల్ల బావ కాసేపు సముద్రం వైపు చూస్తూ నిలబడి, ఇక ఉండలేక వచ్చి, "ఇటియ్యి కాకా, తల కోసేటట్టున్నవ్" అని బ్లేడు తీసుకున్నాడు. ఒక్క గాటు పడకుండా గీశాడు. మీసం తీసేటప్పుడు వాడి వేళ్ళు నా పెదవికి తగిలి ఆగాయి. వాడు ఏడుస్తున్నాడు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. పని అయ్యాక బ్లేడును ఇసుకలో లోతుగా పాతిపెట్టి, "నీ కోసం జేసిన బావా, ఇంకెవలకు జెయ్య" అన్నాడు.

మూడు మునకలు వేయాలి. నడుం లోతుకు పోయాను. ఆ నెలలో ఆ నీళ్ళు చల్లగా ఉంటాయి. ఒక మునక, రెండు మునకలు. మూడో దానికి అల వచ్చి నన్ను పడగొట్టి లోపలికి లాగింది. బావి ఈత గుర్తొచ్చి చేతులు ఆడించాను. తర్వాత ఆపేశాను. ఇది గొప్పకు చెప్పడం లేదు. లేవాలనిపించలేదు, అంతే. చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. అంతలో ఎవరో నా జబ్బ పట్టుకుని పైకి గుంజారు. ఎర్రటి ముఖం, తడి గడ్డం, పక్కన పలక. "ఓకే? ఓకే?" అని అరుస్తున్నాడు. ఓకే అన్నాను. ఇంకేమంటాను. ఒడ్డు దాకా తెచ్చి వదిలి, బొటనవేలు చూపించి, మళ్ళీ అలల్లోకి పోయాడు.

ఆకు ఎక్కడిది ఆ దీవిలో? అట్టపెట్టె ఒకటి కోసి దాని మీద అన్నం, తలకాయ కూర, గుడ్డు, గారెలు, పాశం పెట్టాం. గాలికి అట్ట లేస్తుంటే నాలుగు మూలలా రాళ్ళు పెట్టాం. నిమిషంలో అన్నం మీద ఇసుక. దూరం జరిగి నిలబడ్డాం. ఆకాశం ఖాళీగా ఉంది. ఒక గంట పోయింది. అప్పుడు తెల్లటి సముద్రపు పిట్టలు వచ్చాయి, పదో పదిహేనో. మా తలల మీద తిరుగుతుంటే కాక మెల్లగా నా చెయ్యి పట్టుకున్నాడు. "కాకే గావాలని ఏం లేదురా. పిట్ట అంటె పిట్టే. సముద్రంల గివే కాకులు" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ క్షణంలో గద్ద వచ్చినా సరేననుకునేవాణ్ణి.

అవి మా మీద నుంచే పోయి తెల్లవాళ్ళ దగ్గర దిగాయి. అక్కడ పిల్లలు రొట్టె ముక్కలు విసురుతున్నారు. పిట్టలు ఎగిరి గాలిలోనే అందుకుంటున్నాయి, పిల్లలు కిలకిల నవ్వుతున్నారు. ఆ పిల్లల మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పాపం వాళ్ళకేం తెలుసు?

కాక మాటలివ్వడం మొదలుపెట్టాడు. ఇసుకలో చేతులు జోడించి నిలబడి, సముద్రం వైపు చూస్తూ, ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడాడు. "బిడ్డా, నీ పిల్లకు ఏం తక్కువ గాదు. నీ మొగడు మంచిగ సూసుకుంటడు." నేను అవునన్నాను. "ఇంకో పెండ్లి జేసుకోడు." అవునన్నాను. "మీ అమ్మను అరుసుకుంటడు. మీ తమ్మునికి అండ ఉంటడు." అన్నింటికీ అవునన్నాను. సిరిసిల్ల బావ కూడా ఏవో రెండు మాటలిచ్చాడు. ఏ పిట్టా రాలేదు.

అంతలో ఒక తెల్లామె మా వైపు వచ్చింది. చేతిలో కాగితం పళ్ళెం, దానిలో కేకు ముక్కలు. నవ్వుతూ, "పిక్నిక్?" అంది. సైట్‌లో నేర్చిన ఇంగ్లీషు సిరిసిల్ల బావకే కాస్త వచ్చు. నన్ను చూపించి, "హిజ్ వైఫ్ డెడ్. ఫుడ్ ఫర్ బర్డ్. బర్డ్ నో కమ్" అన్నాడు. ఆమె నా గుండు చూసింది, అట్ట మీది అన్నం చూసింది, పిల్లల వైపు చూసింది. ముఖం పాలిపోయింది. సారీ, సారీ అంటూ గబగబా వెనక్కి పోయి, పిల్లలను కసిరి, గొడుగులు పీకించి, సామాను ఎత్తించి, మా కోసమని అందరినీ దూరంగా, బీచ్ అవతలి కొసకు తీసుకుపోయింది. పిట్టలన్నీ వాళ్ళ వెంటే ఎగిరిపోయాయి.

సిరిసిల్ల బావ నవ్వాడు. తర్వాత ఇసుకలో కూలబడి తల పట్టుకున్నాడు.

కాక నా వైపు తిరిగాడు. ఆయన నా ఉత్తరాలన్నీ విన్నవాడే. "అరేయ్, నీకు ఎరికే. ఆ మాట అను" అన్నాడు.

ఆ మాట అనకుండా కాలితో ఇసుక తోస్తూ నిలబడ్డాను. అబద్ధం చేతకాక కాదు, ఏళ్ళ తరబడి అదే అబద్ధం రాసినవాణ్ణే. అది ఆమె నమ్మిన రోజుల్లో తేలిగ్గా రాశాను. ఇప్పుడు ఆమె పోయి, అన్నం పెట్టి నిలబడ్డాక, జేబులో సంతకం పెట్టిన రెండేళ్ళు ఉండగా ఎలా అనాలి? నిజంగా వెళ్ళిపోదామా అని ఒక్క నిమిషం ఆలోచించాను. వెళ్ళి ఏ ముఖం చూపించాలి, ఏం పని చేయాలి, ఎవరున్నారని వెళ్ళాలి? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా అన్నాను. గట్టిగానే అన్నాను. "వచ్చేస్త. ఇగ పోను."

గాలి హోరు. అలల మీద తెల్లవాళ్ళు లేస్తున్నారు, పడుతున్నారు. ముగ్గురం ఆకాశం వైపు చూశాం. మెడలు నొప్పెట్టేదాకా చూశాం. ఇంకోసారి అన్నాను, ఆమెను పేరు పెట్టి పిలిచి అన్నాను. పెళ్ళైన ఎనిమిదేళ్ళలో ఆమెను పేరుతో పిలవడం అదే మొదలు. ఏమీ రాలేదు.

పొద్దు వాలింది. మధ్యాహ్నం జుమ్మా నమాజుకు పోయి తిరిగొచ్చిన డ్రైవర్ బండి దిగి వచ్చి, సాయంత్రం నమాజు వేళ అవుతోందని మెల్లగా చెప్పాడు. కాక ఓడిపోయినవాడిలా ఉన్నాడు. కాసేపు గొణుక్కుని, "కాకి దొరకకుంటె గరికతోని పిట్టను జేసి ముట్టిస్తరు. మా తాత జెప్పంగ విన్న" అన్నాడు. చుట్టూ చూశాం. గరిక కాదు, గడ్డిపోచ లేదు. నా ప్యాంటు జేబులో చెయ్యి పెడితే బైండింగ్ వైరు తగిలింది. రోజూ సైట్‌లో కడ్డీలు కట్టే వైరు, ఉతికినా ఏ జేబులోనో ఒక ముక్క ఉండనే ఉంటుంది.

దాంతో పిట్టను చేశాను. చేతులకు అలవాటైన పని, ఒళ్ళు, మెడ, ముక్కు చకచకా వచ్చేశాయి. సిరిసిల్ల బావ నల్ల సంచి చింపి ఇస్తే రెక్కలకు చుట్టాను. బాగా కుదిరింది కూడా. అంత దుఃఖంలో అది బాగా కుదిరిందని నాకు తోచింది, ఆ తోచినందుకు సిగ్గేసింది. వంగి, దాని ముక్కును పాశంలో ముంచాను, అన్నానికి తాకించాను.

"ముట్టింది," అన్నాడు కాక గట్టిగా. దూరాన ఉన్న ఎవరికో వినిపించాలన్నట్టు, "ముట్టిందే బిడ్డా, ముట్టింది!" అన్నాడు.

ఎవరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అన్నాన్నీ ఆ వైరు పిట్టనూ సముద్రంలో వదిలి, బండెక్కాం. రూమ్‌కు రాగానే ఉత్తరం రాశాను. పిట్ట ముట్టింది, అమ్మను అన్నం తినమను అని. ఇంకేం రాయలేదు. నెల తర్వాత జవాబు వచ్చింది. ఉత్తరం చదివి వినిపించిన రోజే అమ్మ అన్నం తిన్నదని, ఊరంతా మంచిమాట అనుకున్నదని బావమరిది రాశాడు.

ఆ బీచ్‌కు మళ్ళీ వెళ్ళలేదు. దీవిలో పని అయిపోయి మస్కట్ వచ్చేశాం. సంతకం పెట్టిన రెండేళ్ళూ నిండాకే, నలభై ఐదు రోజుల సెలవు మీద ఊరికి వెళ్ళాను. మొత్తం మీద ఒమన్‌లో ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్ళు ఉన్నాను.

ఆ సెలవులో అత్తగారింటికి వెళ్ళిన రోజు. నా కూతురికి ఏడేళ్ళు. నేను తెచ్చిన గౌను వేసుకుంది గాని నా దగ్గరికి రాలేదు, తలుపు చాటు నుంచి చూస్తోంది. అత్త బాగా చిక్కిపోయింది. నన్ను పీట మీద కూర్చోబెట్టి అన్నం పెట్టింది. నేను రెండు ముద్దలు తిన్నాక అడిగింది.

"అల్లుడా, ఆడ పిట్ట ఏం మాటిస్తె ముట్టింది?"

ఈ ప్రశ్న వస్తుందని రెండేళ్ళుగా నాకు తెలియాల్సింది. తెలియలేదు. ఇగ పోను అన్నానని చెప్పలేను, బ్యాగులో తిరుగు టికెట్ ఉంది. ముద్ద చేతిలో పట్టుకుని, కాక ఇచ్చిన మాటల్లోంచి మొదటిది తీసుకున్నాను.

"పిల్లను మంచిగ జూసుకుంట అన్న అత్తా. గప్పుడు ముట్టింది."

అత్త చెంబుతో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది. తర్వాత, గొంతు పెంచకుండా, "గది నేను గూడ అన్న" అంది. "మొదలు నేనన్న మాటే గది. నీ పిల్లను కండ్లల్ల వెట్టుకొని సాదుత అని మూడు సార్లు అన్న. ముట్టలే."

తలుపు చాటున పిల్ల గౌను అంచు కదిలింది.

"మళ్ల ఎప్పుడు వోతున్నవ్?" అని అడిగింది అత్త.

తారీకు చెప్పాను. తల ఊపి, గిన్నె దగ్గరికి జరుపుకుని, నా పళ్ళెంలో ఇంకింత అన్నం వడ్డించింది.